కేబుల్ సంగతి సరే, దాని మీద పోసే బెడ్ మాటేంటి?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధం ఇంటి పేజీలో ఈమధ్య ఫ్లోర్ హీటింగ్ గురించి, అంటే నేల కింద వేడెక్కే కేబుల్ పరిచి గదిని వెచ్చబెట్టడం గురించి ఒక వ్యాసం వేశారు. లంబసింగి, అరకు వైపు హోమ్‌స్టేలు కట్టేవాళ్ళకి పనికొస్తుందని రాశారు. నేల వెచ్చగా ఉంటే ఎంత హాయిగా ఉంటుందో, కేబుల్‌లో ఎన్ని రకాలున్నాయో, థర్మోస్టాట్‌ని ఫోన్‌లో నొక్కి ఎలా నడపొచ్చో అన్నీ చెప్పారు, ఫోటోలు కూడా బాగున్నాయి. కానీ ఆ కేబుల్ మీద ఏం పోయాలి, ఎంత మందం పోయాలి, పోశాక ఎన్నాళ్ళు ఆగాలి అన్నది మాత్రం సిమెంటుతో కప్పేసి టైల్స్ వేసుకుంటే సరిపోతుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. సరిపోదండీ. సరిగ్గా అలాగే అనుకుని మేం ఒక గది నేల మొత్తం పాడుచేసుకున్నాం. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైతే కత్తిరించుకోండి, కానీ అంకెలు మాత్రం తీసేయకండి.

నేను విశాఖలో 31 ఏళ్ళు సైట్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. గాజువాక నుంచి మధురవాడ దాకా ఎన్ని అపార్ట్‌మెంట్లలో టైల్స్ కింద బెడ్, అంటే సిమెంటు, ఇసుక కలిపి పోసే పొర, వేయించానో లెక్కలేదు. ఇంగ్లండులో దీన్ని స్క్రీడ్ అంటారు, మన మేస్త్రీలకి అది బెడ్డే. కాబట్టి హోమ్‌స్టే పని చూడమని మా పాత సహోద్యోగి కొడుకు అడిగినప్పుడు నాకు కొంచెం ధీమా ఎక్కువే ఉంది. మా తాపీమేస్త్రి అయితే ఇంకా ధీమాగా, "ఏటవుద్ది బాబూ, బెడ్డు బెడ్డే కదా" అన్నాడు. ఏమయిందో చెప్తాను.

ఆ కుర్రాడిది లంబసింగే, అక్కడి గిరిజన కుటుంబమే. (గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉన్న చోట స్థలం నాదెలా అవుతుందని ఎవరికైనా అనుమానం రావచ్చు, స్థలమూ ఇల్లూ అతనివే, నాది ఉచిత సలహా మాత్రమే.) లంబసింగి చలి సంగతి విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు. బయట పడుకుంటే కొర్రలా (కర్రలా) బిగుసుకుపోతారని ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. డిసెంబరు, జనవరి వచ్చాయంటే చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళ ఉష్ణోగ్రతలు మీ పేపర్లోనే రోజూ వేస్తారు కదా. అలాంటి చోట పది బై పన్నెండు గదులు రెండు కట్టాం, మొదటి గదిలో నేల కింద కరెంటు కేబుల్ పరిచి దాని మీద మూడంగుళాల సిమెంట్ బెడ్ వేశాం. మూడంగుళాలు ఎందుకంటే ఎంత మందంగా ఉంటే అంత గట్టిగా ఉంటుందని నా నమ్మకం. కట్టడానికైతే అది నిజమే కానీ వేడికి ఆ లెక్క వేరు.

లెక్క చూడండి. సిమెంటు, ఇసుక కలిపిన బెడ్ రెండంగుళాల మందం వేస్తే చదరపు మీటరుకి సుమారు 100 కిలోలు తూగుతుంది, మూడంగుళాలైతే 150. మా గది 11 చదరపు మీటర్లు, అంటే కేబుల్ మీద 1,650 కిలోల బరువు కూర్చుంది. ఒక అంబాసిడర్ కారు కంటే ఎక్కువే. దాన్ని పది డిగ్రీలు వేడెక్కించడానికే నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. మేం వేసిన కేబుల్ చదరపు మీటరుకి 100 వాట్లు, మొత్తం 1.1 కిలోవాట్. ఒక్క చుక్క వేడి కూడా వృథా కాకపోతే నాలుగు గంటలన్నమాట. మరి మేం కింద ఇన్సులేషన్ వేయలేదు! నేల మీద నేరుగా పరిచేశాం. వేడికి పైకే పోవాలని ఏముంది, కింద చల్లటి మట్టి ఉంటే అటే పోతుంది. లంబసింగి కొండని మేం మా ఖర్చుతో వెచ్చబెట్టాం.

దాని ఫలితం వింటే నవ్వొస్తుంది, మాకు మాత్రం అప్పుడు రాలేదు. శనివారం రాత్రి తొమ్మిదింటికి వైజాగ్ నుంచో రాజమండ్రి నుంచో కుటుంబాలు దిగేవి, అప్పుడు స్విచ్ వేసేవాడు మావాడు. తెల్లారుజామున నాలుగింటికి వాళ్ళు చెరువులవేనం కొండ మీద మబ్బులు చూడ్డానికి వెళ్ళిపోయేవాళ్ళు. అప్పటికి నేల ఇంకా చల్లగానే ఉండేది. ఏడింటికి బాగా వేడెక్కేది. తొమ్మిదింటికి వాళ్ళు తిరిగొచ్చేసరికి బయట ఎండ, లోపల కాలే నేల, కిటికీలు తీసేసేవాళ్ళు. మధ్యాహ్నం గది ఖాళీ చేసినా ఆ బెడ్ మాత్రం ఇంకా వెచ్చగానే ఉండేది. మధ్యాహ్నమే ఆన్ చేసి పెట్టొచ్చు కదా అని మీరంటారు. ముందే బుక్ చేసుకుని వచ్చేవాళ్ళకైతే చేయొచ్చు, కానీ అక్కడికి సగం మంది కారులో తిరుగుతూ గది ఉందా అని అడిగేవాళ్ళే. వస్తారో రారో తెలియని అతిథి కోసం రోజూ ఎనిమిది గంటలు మీటర్ తిప్పుకోవాలా?

కాబట్టి ఫ్లోర్ హీటింగ్ పెట్టుకునేవాళ్ళు ముందు కేబుల్ కంపెనీ గురించి కాదు, ఆ గదిలో ఎవరు, ఎప్పుడు, ఎన్ని గంటలు ఉంటారని ఆలోచించాలి. ఏడాదంతా మనుషులుండే ఇల్లయితే మందం బెడ్ మంచిదే. నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది, కరెంటు రెండు గంటలు పోయినా కాళ్ళకి తెలియదు. కేబుల్ బదులు వేడి నీళ్ళ పైపులు వేసుకునే వాళ్ళకీ ఇదే నయం, ఎందుకంటే ఆ పైపుల్లో తిరిగేవి మరిగే నీళ్ళేం కాదు, 35 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళే, వాటికి పైపుల చుట్టూ పట్టి ఉంచే దిట్టమైన బెడ్ కావాలి. వారాంతంలో రాత్రికి వచ్చి పొద్దున్నే పోయే హోమ్‌స్టే గదికి మాత్రం పలచని పూత, పైకి దగ్గరగా కేబుల్. మీ వ్యాసంలో ఈ తేడా లేకపోవడమే నా అసలు ఫిర్యాదు.

ఇక పగుళ్ళ సంగతి. సంక్రాంతికి ప్రారంభం పెట్టుకున్నాం. బెడ్ వేసి అయిదు రోజులే అయింది, చలికి తడి ఆరడం లేదు. కేబుల్ ఎలాగూ ఉంది కదా, ఆన్ చేస్తే అదే ఆరిపోతుందని కేబుల్ బిగించిన కాంట్రాక్టర్ అన్నాడు. నేను వద్దనలేదు. తప్పు అతనిదెంతో నాదీ అంతే, అతని పేరు అందుకే రాయడం లేదు. రెండు రోజులు ఆన్ చేసి ఆరబెట్టాం, మూడో రోజు టైల్స్ వేసేశాం, పండక్కి అతిథులొచ్చారు. ఫిబ్రవరిలో వెళ్ళి చూస్తే తలుపు దగ్గర నుంచి మంచం కాళ్ళ దాకా జుట్టు మందం బీట ఒకటి, గోడ వారన నాలుగు టైల్స్ గుడారంలా లేచి ఉన్నాయి. తట్టి చూస్తే సగం గది డొల్ల శబ్దం.

ఎందుకలా అయిందో తర్వాత బర్మింగ్‌హామ్‌లో అర్థమైంది. మా పెద్దమ్మాయి అక్కడుంటుంది. వంటగది వెనక్కి పెంచుకుంటున్నారని తెలిసి, మనవడిని చూసే వంకతో ఆ పని చూడ్డానికి వెళ్ళానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అక్కడ ముందు కాంక్రీట్ మీద మందపాటి ఇన్సులేషన్ బోర్డులు, వాటిపైన పాలిథిన్, వాటి మీద పైపులు. గోడల వెంట చుట్టూ పది మిల్లీమీటర్ల ఫోమ్ పట్టీ నిలబెట్టారు. అది దేనికని అడిగితే మా అల్లుడు కూడా చెప్పలేకపోయాడు, నేనే లెక్కేసుకున్నాను. ఆరు మీటర్ల నేల 20 డిగ్రీలు వేడెక్కితే ఒక మిల్లీమీటరు పైచిలుకు పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే గోడని తన్నుకుని పైకి లేస్తుంది. మా లంబసింగి టైల్స్ గుడారం కథ అదే! తలుపుల దగ్గర కూడా బెడ్‌ని ఒకే పలకగా పోయకుండా జాయింట్ వదులుతారు, ఆ జాయింట్ దాటే పైపుకి తొడుగు వేస్తారు.

ఆ తర్వాత లారీ వచ్చింది, పైపుతో పాయసంలా పోసేశారు, గంటన్నరలో అయిపోయింది. అది సిమెంటు కాదు, జిప్సం జాతి. కాల్షియం సల్ఫేట్ స్క్రీడ్ అంటారు. తనంతట తనే మట్టంగా పరుచుకుంటుంది, పైపు చుట్టూ ఎక్కడా గాలి మిగలదు, కుంచించుకుపోయి బీటలు వారడం తక్కువ, వేడిని కూడా సిమెంట్ బెడ్ కంటే బాగా పంపుతుంది. అందుకే పలచగా, రెండంగుళాల లోపే పోసినా నడుస్తుంది. అదే సిమెంట్ బెడ్ ఇన్సులేషన్ మీద వేయాలంటే ఇంట్లో కనీసం 65 మిల్లీమీటర్లు ఉండాలని అక్కడి లెక్క. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా, అయితే దీనికీ తిప్పలున్నాయి. ఆరాక పైన పొరలా తేలే మెత్తటి పొడిని గీకించాలి. దాని మీద నేరుగా సిమెంట్ అంటుతో టైల్స్ వేస్తే రెండూ ఒకదానికొకటి పడక, మధ్యలో ఉప్పులాంటి పలుకులు పెరిగి టైల్ ఊడొస్తుంది, అందుకని ప్రైమర్ తప్పనిసరి. బాత్రూముకి పనికిరాదు, నీళ్ళు తగిలితే మెత్తబడుతుంది. నేల కడిగితే తప్ప ఇల్లు శుభ్రమైనట్టు లెక్కలేని మన ఆడవాళ్ళకి (నాకూ) ఇది కుదిరే సరుకు కాదు. పైగా మన వీధి చివర సిమెంట్ షాపులో అడిగితే ఇచ్చేదీ కాదు. కాబట్టి మనకి సిమెంట్ బెడ్డే, కాకపోతే దాన్ని పద్ధతిగా వేయాలి.

అక్కడ నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది టైల్స్ మేస్త్రి. వచ్చాడు, చిన్న మీటర్ పెట్టి తేమ చూశాడు, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చి మళ్ళీ వెళ్ళిపోయాడు. మా అమ్మాయికి టెన్షన్, నాకు సిగ్గు. అక్కడి లెక్క ఏమంటే బెడ్ మొదటి రెండంగుళాల వరకు రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుంది, ఆ పైన ఇంకా నెమ్మదిస్తుంది. అంటే రెండంగుళాల బెడ్‌కి యాభై రోజులు. మా మూడంగుళాల బెడ్‌కి, అదీ లంబసింగి పొగమంచులో, మేమిచ్చింది వారం. సిమెంట్ బెడ్ అయితే 21 రోజుల దాకా హీటింగ్ ముట్టుకోకూడదు, జిప్సం దానికి ఏడు రోజులు. పైపుల సిస్టమ్‌లో ఆ తర్వాత కూడా ముందు 25 డిగ్రీల నీళ్ళు మూడు రోజులు తిప్పి, అప్పుడు మెల్లగా పూర్తి వేడికి తీసుకెళ్ళి నాలుగు రోజులు ఉంచి, మళ్ళీ మెల్లగా దింపుతారు. అదంతా అయ్యాకే టైల్స్.

మనకి ఇది కొత్తేం కాదనిపించింది. మా అమ్మమ్మ వాళ్ళింట్లో గచ్చు నేల ఉండేది. గానుగ సున్నం, ఇసుక కలిపి పోసి దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారట, అది గట్టిపడేదాకా ఆ గది గుమ్మానికి అడ్డంగా నులక మంచం పెట్టి పిల్లల్ని తొక్కనిచ్చేవారు కాదట. సిమెంటు వచ్చాక మనకి ఓపిక పోయింది. పొద్దున బెడ్, సాయంత్రం టైల్, మర్నాడు గృహప్రవేశం.

ఇంకో మాట విశాఖ వాళ్ళకి. మన దగ్గర స్లాగ్ సిమెంట్ వాడకం ఎక్కువ. సముద్రం పక్క ఊరికి అది మంచిదే, ఉప్పుగాలికి తట్టుకుంటుంది. కానీ ఆ సిమెంట్ మొదట్లో నెమ్మదిగా గట్టిపడుతుంది, చలిలో అయితే మరీ నెమ్మది. సిటీలో అలవాటైన లెక్కతో కొండ మీద పని చేస్తే మోసపోతాం. మేం రెండో గది పక్కనున్న బాత్రూము బెడ్‌కి అందుకే మామూలు 53 గ్రేడ్ సిమెంట్ తెప్పించాం, ఒకటికి నాలుగు పాళ్ళ ఇసుక, అదీ కడిగిన ఏటి ఇసుక. మాల్ తడి ఎంతుండాలంటే, గుప్పెట్లో పట్టి నొక్కితే ఉండ కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. మన మేస్త్రీలకి సులువుగా పరుచుకుంటుందని పల్చగా కలిపే అలవాటు ఉంది. ఎక్కువైన ఆ నీరంతా తర్వాత బయటికి పోవాల్సిందే, పోతూ పోతూ బెడ్‌ని కుదించి బీటలు పెడుతుంది.

రెండో గదిలో మొత్తం పద్ధతి మార్చేశాం. కింద కాంక్రీట్‌ని మట్టం చేసి, దాని మీద రెండు వైపులా సిమెంట్ పూత ఉన్న గట్టి ఇన్సులేషన్ బోర్డులు అంటించాం. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవడానికి టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ లాంటిది పెట్టొద్దు, అది నొక్కుకుపోతే పైన పలచని పూత అప్పడంలా విరుగుతుంది. బోర్డుల మీద చదరపు మీటరుకి 150 వాట్ల కేబుల్ మ్యాట్, దాన్ని ముంచేలా పది మిల్లీమీటర్ల సెల్ఫ్ లెవెలింగ్ (తనంతట తనే మట్టంగా పరుచుకునే) పూత, ఆపైన కొంచెం సాగే గుణం ఉన్న టైల్ అంటుతో టైల్స్. గోడ వెంట ఫోమ్ పట్టీ వదిలిపెట్టలేదు, స్కర్టింగ్ కింద అది కనిపించదు కూడా. ఇప్పుడు కేబుల్ వేడెక్కించాల్సిన బరువు పూత, టైల్ కలిపి చదరపు మీటరుకి 40 కిలోలే. స్విచ్ వేశాక ముప్పావు గంటకల్లా పాదానికి తెలుస్తోంది. అతిథి టీ తాగి స్వెటర్ విప్పేలోపు గది తయారు. తెల్లారి చెరువులవేనం వెళ్ళేటప్పుడు ఆపేస్తే వృథా కూడా తక్కువ.

టైల్స్ వేసేటప్పుడు మేస్త్రి పక్కనే నిలబడండి. మన అలవాటు ప్రకారం నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి టైల్ అతికించేస్తారు, మధ్యలో ఖాళీలుంటాయి. ఖాళీ అంటే గాలి, గాలి దుప్పటి లాంటిది, వేడిని పైకి రానివ్వదు. కేబుల్ అలాంటి ఖాళీలో పడితే ఇంకా ప్రమాదం, వేడి పోయే దారి లేక అక్కడే కాలిపోతుంది. టైల్ వెనకంతా అంటు పట్టాలి, ఒకటి రెండు టైల్స్ ఎత్తించి చూడండి, మేస్త్రి విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

కేబుల్‌ని మూడుసార్లు పరీక్షించాలి. పెట్టె విప్పగానే, పరిచాక, పూత పోశాక. మీటర్‌లో ఓమ్‌లు మూడుసార్లూ ఒకేలా, పెట్టె మీద రాసినట్టే రావాలి. ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ (కరెంటు లీకేజీ పట్టే మీటర్) ఉంటే లీకేజీ కూడా చూపించుకోండి. పైపులైతే వాటిలో ప్రెషర్ నింపి ఉంచి, గేజి ముల్లు కళ్ళ ముందు కనబడుతుండగానే బెడ్ పోయాలి. తాపీ మొన తగిలి పైపు చిల్లు పడితే అప్పుడే తెలుస్తుంది, టైల్స్ వేశాక తెలిసి లాభం లేదు. మా మొదటి గదిలో ఇవేవీ చేయలేదు. కేబుల్ బతికి ఉందంటే అది దేవుడి దయ.

ఇంకో ముక్క, వ్యాసం చూసి రుషికొండ వైపు ఫ్లాట్ కొన్న మా బంధువు ఒకాయన నాకు ఫోన్ చేసి, మా ఇంట్లో కూడా పెట్టిద్దామా బావా అన్నాడు. జనవరిలో కూడా ఫ్యాన్ ఆపకుండా పడుకునే మనిషి! విశాఖలో చలి రాత్రి అంటే పదిహేడు పద్దెనిమిది డిగ్రీలు, దానికి ఒక దుప్పటి చాలు. పైగా అపార్ట్‌మెంట్ స్లాబ్ మీద మూడంగుళాల బెడ్ అంటే చదరపు మీటరుకి 150 కిలోల బరువని ముందే చెప్పాను, స్ట్రక్చరల్ ఇంజనీరుని అడక్కుండా ఎవరూ ఆ సాహసం చేయొద్దు. అరకు, లంబసింగి, పాడేరుల్లో ఉన్నవాళ్ళకైతే అర్థముంది.

సంపాదకులకి ఒక విన్నపం. మళ్ళీ దీని మీద వ్యాసం వేస్తే కేబుల్ అమ్మేవాళ్ళతో పాటు బెడ్ వేసే ఒక మేస్త్రినీ, నేల ఆరిందో లేదో చూసి పని ఆపగలిగే ఒక ఇంజనీరునీ కూడా అడిగి రాయించండి. ఎన్ని రోజులు ఆగాలన్నది పెద్ద అక్షరాల్లో వేయండి. సంక్రాంతి ముందు ప్రారంభం పెట్టుకునేవాళ్ళు బెడ్ పని దసరాకల్లా ముగించుకోవాలని అప్పుడే వాళ్ళకి తెలుస్తుంది.

మా మొదటి గది అలాగే ఉంది. సీజన్ అయ్యాక, మార్చిలో తవ్వుతాం. మూడంగుళాల బెడ్ పగలగొట్టేటప్పుడు లోపలి కేబుల్ దక్కదు, మళ్ళీ కొత్తది కొనాల్సిందే. "బాబాయ్, ఈసారి మేస్త్రిని నేను మాట్లాడతాలే" అంటున్నాడు మావాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్,
మద్దిలపాలెం, విశాఖపట్నం